మినుము మేసిన ఆవు పాలు, గంటలో పనిచేసే మాత్ర

చరక సంహిత చికిత్సా స్థానం తెరిస్తే మొదటి అధ్యాయం రసాయనం, రెండోది వాజీకరణం. జ్వరమూ రక్తపిత్తమూ గుల్మమూ ఆ తర్వాతే. ఒక్క రోగం చికిత్సైనా మొదలుపెట్టకముందే మగవాడి దాంపత్య శక్తికి నాలుగు పాదాల అధ్యాయం కేటాయించిన శాస్త్రం అది. ఆయుర్వేదపు ఎనిమిది అంగాల్లో వాజీకరణం ఒకటి. శస్త్రచికిత్సకూ బాలవైద్యానికీ ఎంత పీట వేశారో దీనికీ అంతే వేశారు. కాగా ఆధునిక వైద్యం ఇరవయ్యో శతాబ్దంలో చాలా భాగం అంగస్తంభన లోపాన్ని మనసుకు సంబంధించిన వ్యవహారంగా లెక్కగట్టి, మానసిక వైద్యులకు వదిలేసింది. నోట్లో వేసుకుంటే పనిచేసే నమ్మకమైన మందు దాని చేతికి వచ్చింది 1998లో.

ఈ రెండు వైద్యాలనూ పక్కపక్కన పెట్టి చదవాలని నాకు చాలాకాలంగా కోరిక. తెలుగు పాఠకుడికి మొదటి పక్షాన్ని కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. కొత్త అల్లుడికి సున్నుండలు పెట్టిన ఇంట్లో, అలమరలో అశ్వగంధ లేహ్యం ఉన్న ఇంట్లో వాజీకరణం పేరు తెలియకపోయినా దాని రుచి తెలుసు. రెండో పక్షం మాత్రం చాలామంది జేబుల్లోకి వచ్చింది గానీ బుర్రల్లోకి ఇంకా రాలేదు. మందు పేరు తెలుసు. అది ఏం చేస్తుందో, ఏం చేయదో, ఎవరికి ప్రాణం మీదికి తెస్తుందో తెలియదు. అడగడానికి సిగ్గు, అడగకుండా కొనడం అలవాటు.

వాజీకరణ అధ్యాయం మూడో పాదం మొదట్లో ఒక ఆవు కనిపిస్తుంది. మినుము ఆకు మేపిన ఆవు. అది తొలిచూలుది కావాలి, పుష్టిగా ఉండాలి, నాలుగు చన్నులూ ఉండాలి. దూడ బతికి ఉండాలి, తల్లి రంగులోనే ఉండాలి. ఆవు ఎర్రదో నల్లదో అయి, కొమ్ములు పైకి తిరిగి, సాధువై, చిక్కటి పాలిచ్చేది కావాలి. మినుముకు బదులు చెరుకో మద్ది ఆకో మేపినా సరే. ఆ పాలను కాచిగానీ పచ్చివిగానీ చక్కెర, తేనె, నెయ్యి కలిపి తాగమన్నాడు చరకుడు. మందు చెప్పమంటే వైద్యుడు పశువును ఎంచుకోవడం దగ్గర మొదలుపెట్టాడు! ఆ శ్లోకాలు చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. అందులో ఔషధం పొలానికీ కొట్టానికీ పొయ్యికీ చెందిన ఇంటి వ్యవహారం. అలాగే ఆ అధ్యాయం నిండా దూలగొండి గింజలు, పిల్లిపీచర వేళ్లు, నువ్వులు, చెరుకు, నెయ్యి, పక్షుల గుడ్లు, మాంసరసాలు పరుచుకుని ఉంటాయి. చాలా యోగాలు వంటలే. వైద్యశాలకీ వంటింటికీ మధ్య గోడ కట్టని కాలం అది.

మాత్ర పుట్టిన చోట కొట్టమూ లేదు, పొయ్యీ లేదు. ఇంగ్లండులో కెంట్ ప్రాంతంలోని శాండ్‌విచ్ అనే చిన్న ఊళ్లో ఫైజర్ కంపెనీకి ప్రయోగశాల ఉండేది. గుండెనొప్పికి మందు వెతుకుతున్న అక్కడి రసాయన శాస్త్రవేత్తలు ఒక పదార్థం తయారుచేసి, దానికి యూకే-92,480 అని సంఖ్య ఇచ్చారు. తర్వాత పెట్టిన పేరు సిల్డెనాఫిల్. గుండెనొప్పి విషయంలో అది ఆశించినంత పనికిరాలేదు. అయితే 1990ల తొలినాళ్లలో వేల్స్‌లోని మెర్థర్ టిడ్‌విల్ అనే పట్టణంలో ఆ మందు వేసుకుని చూసిన మగవాళ్లు, దుష్ఫలితాల జాబితాలో అంగస్తంభనలు కూడా చెప్పారు. బొగ్గు, ఇనుము పరిశ్రమలతో బతికిన ఊరది. మొహమాటపడి ఆ మాట దాచి ఉంటే మందు అక్కడే ఆగిపోయేది. వాళ్లు చెప్పారు, వైద్యులు రాసుకున్నారు. 1998 మార్చి 27న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వయాగ్రా పేరుతో దానికి అనుమతి ఇచ్చింది. ఆవు కొమ్ముల దాకా గమనించిన పాత వైద్యుడి ఓపికకూ, రోగి నోట వచ్చిన అనుకోని మాటను కొట్టేయకుండా రాసుకున్న ఈ వైద్యుల ఓపికకూ చుట్టరికం ఉందని నా అభిప్రాయం.

ఆ మాత్ర లోపల ఏం చేస్తుందో కొంచెం నిదానంగా చూడాలి. కోరిక కలిగినప్పుడు నాడుల కొసల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వెలువడుతుంది. దాని వల్ల అంగంలోని మెత్తటి కణజాలంలో సైక్లిక్ జీఎంపీ అనే పదార్థం పుడుతుంది. అప్పుడు అక్కడి కండరం వదులై, రక్తనాళాలు విచ్చుకుని, రక్తం నిండుతుంది. నిండిన ఒత్తిడికి రక్తం బయటికి పోయే సిరలు నొక్కుకుపోతాయి. అంగస్తంభన అంటే ఇదే. కాసేపటికి పీడీఈ-5 అనే ఎంజైము ఆ సైక్లిక్ జీఎంపీని విరగ్గొడుతుంది, అంతా యథాస్థితికి వస్తుంది. సిల్డెనాఫిల్ ఆ ఎంజైమును కొన్ని గంటలపాటు అడ్డుకుంటుంది, అంతే. చెరువుకు నీరు రావడం వేరు, తూము మూయడం వేరు. మాత్ర తూము మూస్తుంది. వాగు పారితేనే చెరువు నిండేది. అందుకే కోరిక, స్పర్శ, సాన్నిహిత్యం లేకుండా మాత్ర మింగి గోడ గడియారం చూస్తూ కూర్చున్నవాడికి అది ఏమీ చేయదు. ఈ నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాల్లో సందేశం మోస్తుందని కనుగొన్న ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు అదే 1998లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడే పాత గ్రంథం నాకు గుర్తుకొస్తుంది. చరకుడు సూత్రస్థానం 25వ అధ్యాయంలో ఒక్కో కోవలో శ్రేష్ఠమైనది ఏదో జాబితాగా చెప్పుకుంటూ పోతాడు. దాంపత్య శక్తినిచ్చే వాటిలో అగ్రస్థానం ఆయన మినుముకూ ఇవ్వలేదు, పాలకూ ఇవ్వలేదు, సంకల్పానికి ఇచ్చాడు. అలాగే దాన్ని చెడగొట్టే వాటిలో ముందు పేర్కొన్నది దౌర్మనస్యాన్ని, అంటే మనసు విరిగిపోవడాన్ని. వాజీకరణ అధ్యాయంలోనైతే మనసుకు నచ్చిన స్త్రీని మించిన వాజీకరణం లేదని తేల్చేశాడు. చరకుడికి ఎంజైములు తెలియవు, నైట్రిక్ ఆక్సైడ్ తెలియదు. కానీ వాగు పారాలన్న సంగతి తెలుసు. సిల్డెనాఫిల్ పెట్టెలోని కాగితం కూడా అదే చెబుతోంది, చిన్న అక్షరాల్లో: లైంగిక ప్రేరణ లేనిదే ఈ మందు పనిచేయదు.

అంకెలు చూసినా మందుకూ మనసుకూ ఉన్న ఈ చుట్టరికం బయటపడుతుంది. 1998లో అచ్చయిన తొలి పెద్ద పరీక్షల్లో మాత్ర వేసుకున్నవాళ్ల ప్రయత్నాల్లో నూటికి 69 ఫలించాయి. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 22. 69కీ 22కీ మధ్య ఉన్న దూరం రసాయన శాస్త్రం సాధించిన విజయం, దాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. అలాగే ఆ 22ను కూడా తీసిపారేయకూడదు. వాళ్లలో కొందరికి అసలు సామర్థ్యం కొంత మిగిలే ఉండవచ్చు, కొందరికి మందు వేసుకున్నామన్న ధైర్యం చాలి ఉండవచ్చు. సంకల్పం నిలబడే చోటు అదేనని ఆయుర్వేదం అంటే నేను కాదనను. అయితే ఆయుర్వేదం కూడా తన మందును ఉత్తుత్తి మందు పక్కన నిలబెట్టి చూడాలి కదా. చూసినవాళ్లు ఉన్నారు. జామ్‌నగర్ ఆయుర్వేద విశ్వవిద్యాలయంలో మానసిక కారణాలతో వచ్చే అంగస్తంభన లోపానికి అశ్వగంధను అలా పోల్చి చూసి, ఉత్తుత్తి మందు కన్నా మెరుగైన ఫలితమేమీ రాలేదని 2011లో నిజాయితీగా ప్రకటించారు. తమ సంప్రదాయం మీద ప్రేమ ఉన్నవాళ్లు చేయాల్సిన పని అది. అశ్వగంధ ఉత్త దండగని దీనర్థం కాదు. ఈ రోగానికి, ఈ రకం మనిషికి, అది చాలలేదని మాత్రమే.

రోగాన్ని విడగొట్టి చూడటంలోనూ రెండు పక్షాలకు పోలిక ఉంది. చరకుడు క్లైబ్యాన్ని, అంటే నపుంసకత్వాన్ని, నాలుగు రకాలన్నాడు: బీజం చెడటం వల్ల, అంగం దెబ్బతినడం వల్ల, ముసలితనం వల్ల, శుక్రం తరిగిపోవడం వల్ల. సుశ్రుతుడు ఆరు రకాలన్నాడు. మొట్టమొదట చెప్పింది మనసు చెడటం వల్ల వచ్చేది. ఇష్టం లేని సాంగత్యం వల్ల కూడా అది వస్తుందని గుర్తించాడు. కాగా ఈనాటి యూరాలజిస్టు తన పట్టికలో రక్తనాళాలు, నాడులు, హార్మోన్లు, మనసు, వాడుతున్న మందులు అని రాసుకుంటాడు. తెల్లవారుజామున నిద్రలో అంగస్తంభన అవుతోందా అని ఆయన తప్పక అడుగుతాడు. అవుతోందంటే నాళాలూ నాడులూ చాలావరకు బాగున్నట్టు, చిక్కు మనసులోనో సంసారంలోనో ఉన్నట్టు. బీపీకి ఏ మందు వాడుతున్నారు, దిగులుకు ఏ మందు వాడుతున్నారు, సిగరెట్ ఉందా, మద్యం ఎంత అని కూడా అడుగుతాడు. అయిదు ప్రశ్నల చిన్న పత్రం ఒకటి నింపిస్తాడు. 25కి 21 లేదా అంతకంటే తక్కువ వస్తే లోపం ఉందనుకోవాలి. షుగరు, కొవ్వులు, పొద్దున పూట తీసిన రక్తంలో టెస్టోస్టిరాన్ పరీక్ష చేయిస్తాడు. ఆ హార్మోన్ తక్కువగా ఉంటేనే దానికి మందు; ఊరికే ఇంజెక్షన్లు వేయించుకోవడం చెరుపు.

సుశ్రుతుడు రెండు రకాలను అసాధ్యాలని వదిలేశాడు: పుట్టుకతో వచ్చింది, మర్మం తెగడం వల్ల వచ్చింది. ఆ రెండో రకం ఇప్పుడు పెరిగింది, ఎందుకంటే ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్‌లో దాని పక్కనే పోయే సన్నటి నాడులు దెబ్బతినవచ్చు. సుశ్రుతుడు చేతులెత్తేసిన చోట ఆధునిక వైద్యం ముందుకెళ్లింది, ఇది ఒప్పుకుని తీరాలి. 1983లో లాస్ వేగస్‌లో జరిగిన యూరాలజిస్టుల సభలో గైల్స్ బ్రిండ్లీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, తన అంగానికి తానే ఇంజెక్షన్ చేసుకుని వచ్చి, మందుతో మాత్రమే అంగస్తంభన సాధ్యమని సభికుల ముందే చూపించాడు. సభ నివ్వెరపోయింది. కానీ ఇది కేవలం మనసు జబ్బన్న పాత అభిప్రాయానికి అక్కడితో కాలం చెల్లింది. నాడులు సరిగా పనిచేయక మాత్రకు లొంగనివాళ్లకు ఆల్‌ప్రోస్టాడిల్ ఇంజెక్షన్ ఉంది, గాలి లాగేసే వాక్యూమ్ పరికరం ఉంది, ఏదీ కుదరకపోతే ఆపరేషన్‌తో అమర్చే ఇంప్లాంట్ ఉంది.

శుక్రం విషయంలో మాత్రం రెండు దారులూ పూర్తిగా విడిపోతాయి. ఆయుర్వేదంలో శుక్రం ఏడో ధాతువు, ఆహారం నుంచి రసం, రసం నుంచి రక్తం అలా మారుతూ వచ్చిన చివరి సారం. అది తరిగితే శక్తి తరుగుతుందన్నది ఆ చూపు. ఆధునిక వైద్యం ప్రకారం వీర్యం పోవడానికీ అంగస్తంభన లోపానికీ సంబంధం లేదు. రక్తం నిండటానికి వీర్యంతో పని లేదు. ఈ విషయంలో నేను ఆధునిక వైద్యం మాటకే ఓటు వేస్తాను, ఎందుకంటే మొదటి నమ్మకం మన పిల్లల్ని చాలా బాధపెట్టింది. ధాతువు పోతోందన్న భయంతో కుంగిపోయే కుర్రాళ్ల స్థితికి 1960లో మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. మన ఊళ్లలో దానికి గోడల మీది పేరు నరాల బలహీనత. రైలు పట్టాల పక్క గోడల మీద, బస్టాండు మూత్రశాలల్లో ఆ ప్రకటనలు చూడని తెలుగువాడు లేడు. హస్తప్రయోగంతో నరాలు చచ్చుబడ్డాయని నమ్మించి, లాడ్జి గదిలో పొడులు అమ్మిన వ్యాపారం అది. విజయవాడ డాక్టర్ సమరం గారు ఏళ్ల తరబడి తెలుగు పత్రికల్లో పాఠకుల ప్రశ్నలకు ఓపికగా జవాబులు రాసి ఆ భయాన్ని కొంతైనా తగ్గించారు. చరకుడిని ఇందులోకి లాగడం అన్యాయమే. ఆయన కుర్రాళ్లను భయపెట్టలేదు. వాజీకరణం ఆత్మనిగ్రహం కలవాడికే అన్నాడు. అయినా ఆయన వేసిన పునాది మీదే ఈ కొట్లు లేచాయన్నది కూడా నిజం.

కాలం దగ్గర ఇంకో తేడా. వాజీకరణం నెలల వ్యవహారం. ముందు శరీరశుద్ధి, తర్వాత జీర్ణశక్తి చూసుకుని, మితంగా, వేళకు మందు. కాగా సిల్డెనాఫిల్ గంట వ్యవహారం. గంట ముందు వేసుకోవాలి, నాలుగు గంటల వరకు సాయం చేస్తుంది, నూనె నెయ్యి దండిగా తిన్న పొట్ట మీద వేసుకుంటే ఆలస్యమవుతుంది. సాధారణంగా 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 25కు తగ్గించడమో 100కు పెంచడమో చేస్తారు. 65 దాటినవాళ్లకు 25తోనే మొదలుపెట్టడం మేలు. అమెరికాలో 2003లో అనుమతి పొందిన టాడలాఫిల్ ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది. దాన్ని అవసరానికి 10 లేదా 20 మిల్లీగ్రాములు వేసుకోవచ్చు, లేదా రోజూ 2.5 లేదా 5 మిల్లీగ్రాములు వేసుకోవచ్చు. రోజువారీ చిన్న మోతాదు పద్ధతి నాకు వాజీకరణానికి దగ్గరగా అనిపిస్తుంది. గడియారం చూసుకునే పని తప్పుతుంది, మందు ఇంటి దినచర్యలో కలిసిపోతుంది, దంపతులకు తొందర ఉండదు. ప్రోస్టేట్ పెరిగి మూత్రం ఇబ్బంది ఉన్నవాళ్లకు రోజూ 5 మిల్లీగ్రాముల మోతాదు ఆ బాధనూ తగ్గిస్తుంది. తలనొప్పి, ముఖం ఎర్రబడటం, ముక్కు దిబ్బడ, గుండెలో మంట ఈ మందులన్నిటికీ ఉన్నవే. సిల్డెనాఫిల్ కొందరికి చూపులో నీలి ఛాయ తెస్తుంది, టాడలాఫిల్ కొందరికి నడుము నొప్పి తెస్తుంది. నాలుగు గంటలు దాటినా అంగస్తంభన తగ్గకపోయినా, చూపు గానీ వినికిడి గానీ హఠాత్తుగా పోయినా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

ఇక ఈ రోగం గురించి పాతవాళ్లకు తెలియని, కొత్తవాళ్లు నేర్పిన అతి ముఖ్యమైన పాఠం. అంగానికి రక్తం తెచ్చే నాళాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటాయి. గుండె నాళాలు మూడు నాలుగు. లోపల కొవ్వు పేరుకోవడం, నాళం గట్టిపడటం రెండు చోట్లా ఒకేసారి సాగుతుంది గనుక సన్నటిది ముందు మూసుకుపోతుంది. అందుకే చాలామందిలో అంగస్తంభన లోపం గుండెనొప్పి కన్నా రెండు నుంచి అయిదేళ్లు ముందే కనిపిస్తుంది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 40 నుంచి 70 ఏళ్ల మగవాళ్లను అడిగి 1994లో ప్రకటించిన అధ్యయనంలో 52 శాతం మందికి ఎంతో కొంత ఈ లోపం ఉంది. షుగరున్నవాళ్లలో పూర్తి లోపం, షుగరు లేనివాళ్లలో కంటే దాదాపు మూడింతలు. మన దేశంలో షుగరు రోగులు 10 కోట్లు దాటారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో చెప్పింది. షుగరు రోగుల మీద సిల్డెనాఫిల్ కొంత తక్కువగా పనిచేస్తుంది. 1999లో వచ్చిన ఒక పరీక్షలో వాళ్లలో 56 శాతం మందికి మేలు కనిపించింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 10 శాతానికి. మాత్ర మింగి పని జరిగిందని సంతోషించి ఊరుకున్నవాడు, శరీరం ముందుగా పంపిన హెచ్చరికను చదవకుండా పక్కన పడేసినట్టే.

ఇక్కడ సున్నుండ దగ్గరికి మళ్లీ రావాలి. చరకుడి యోగాలు పుట్టిన కాలంలో శరీరశ్రమ ఎక్కువ, నెయ్యి చక్కెరలు అపురూపం. ఈనాడు రోగి యాభై ఏళ్లవాడు, కుర్చీ ఉద్యోగం, పొట్ట, షుగరు, బీపీ. అతనికి మినుములు, బెల్లం, నెయ్యి దట్టించిన సున్నుండలూ చక్కెర తేనె కలిపిన పాలూ పెడితే మూసుకుపోతున్న నాళం మరింత మూసుకుపోతుంది. ఇటలీలో ఊబకాయం ఉన్న 110 మంది మీద చేసి 2004లో ప్రకటించిన పరీక్షలో, తిండి తగ్గించి నడక పెంచి బరువు దించినవాళ్లలో మూడోవంతు మందికి రెండేళ్లలో మాత్ర లేకుండానే సామర్థ్యం తిరిగి వచ్చింది. దీన్ని ఆయుర్వేదం ఓటమిగా చదవడం తప్పు. ముందు శుద్ధి, తర్వాత మితాహారం, ఆ తర్వాతే వృష్యయోగం, అంటే శక్తినిచ్చే మందు, అని ఆ గ్రంథమే చెప్పింది. చరకుడి వంటను వదిలి చరకుడి క్రమాన్ని పట్టుకుంటే, అది కార్డియాలజిస్టు చెప్పే మాటతో అతుకుతుంది. మన ఇళ్లు వంటను ఉంచుకుని క్రమాన్ని వదిలేశాయి.

రెండు పక్షాల్లోనూ ఒకే లోటు కనిపిస్తుంది, అది భార్య సంగతి. చరకుడు స్త్రీని శ్రేష్ఠమైన వాజీకరణం అన్నాడు, ఆమె గుణాలన్నీ వర్ణించాడు, కానీ క్షేత్రం అన్నాడు. ఆమెకు ఏం కావాలో అడగలేదు. సంతానం లేనివాడిని నీడలేని ఒంటికొమ్మ చెట్టుతో పోల్చి, మొత్తం ప్రయత్నాన్ని వంశం కోసమన్నట్టు నడిపించాడు. అలాగే మాత్ర ప్రపంచం కూడా. ఆ అయిదు ప్రశ్నలూ మగవాడికే. మెనోపాజ్ దాటిన భార్యకు కలయిక బాధగా ఉండవచ్చని, పదేళ్లుగా పక్కగదిలో పడుకుంటున్న మనిషి హఠాత్తుగా మాత్రతో వస్తే ఆమెకు ఎలా ఉంటుందోనని తొలి రోజుల ప్రకటనలు ఆలోచించలేదు. మంచి వైద్యుడు దంపతులిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతాడు. దానికి ఏ పక్షమైనా ఒకటే.

రెండు సంప్రదాయాలూ కలిసే చోటు ఇంకొకటి ఉంది, అది నాకు భయం పుట్టిస్తుంది. మూలికల పొడి అని, వంద శాతం ఆయుర్వేదమని అమ్మే క్యాప్సూళ్లలో సిల్డెనాఫిల్‌నో టాడలాఫిల్‌నో రహస్యంగా కలుపుతున్నారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇలాంటి వాటి పేర్లు పెట్టి పదేపదే హెచ్చరికలు ప్రకటించింది. వేసుకున్నవాడు మూలిక గొప్పదనం అనుకుంటాడు. గుండె రోగులు నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్, ఇతర నైట్రేట్ మందులు కూడా అదే నైట్రిక్ ఆక్సైడ్ దారిలోనే నాళాలను విప్పుతాయి. రెండూ ఒకే ఒంట్లో పడితే బీపీ అమాంతం కూలి మనిషి పోవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, టాడలాఫిల్ వేసుకున్న 48 గంటల్లోపు నైట్రేట్ ఇవ్వకూడదు. మాత్ర అని తెలిసి వేసుకున్నవాడు డాక్టరుకు చెప్పగలడు. మూలిక అనుకుని వేసుకున్నవాడు ఏం చెబుతాడు? ఇది ఆయుర్వేదానికీ అపచారం, ఆధునిక వైద్యానికీ అపచారం. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందులకు ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1954 నుంచి చట్టం ఉంది. అలాగే సిల్డెనాఫిల్ షెడ్యూల్ హెచ్ మందు, డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. అట్ట మీద ఆ ఎర్ర గీత అందుకే. గోడ మీది ప్రకటన మొదటి చట్టాన్ని తుడిచేసింది, మందుల షాపు కౌంటరు రెండోదాన్ని తుడిచేసింది.

నా తీర్పు ఇది. మాత్ర మంచిది, అవసరమైనవాడు సిగ్గుపడకుండా, చీటీ రాయించుకుని వాడాలి, మొదటి రెండు మూడు సార్లు ఫలించలేదని వదిలేయకుండా వైద్యుడికి చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి. చరకుడి అధ్యాయమూ మంచిదే. మనసు, ఇష్టం, మితాహారం ముందు అన్న దాని క్రమాన్ని ఏ మాత్రా రద్దు చేయలేదు. కానీ చెప్పకుండా, అడగకుండా, చీకట్లో కొన్న ఏ పొడీ ఏ మాత్రా మంచిది కాదు.

కాబట్టి ఈ ఇబ్బంది మొదలైన పాఠకుడు ముందు షుగరు, బీపీ, కొవ్వులు చూపించుకోవాలి. వాడుతున్న ప్రతి మందూ, లేహ్యంతో సహా, డాక్టరుకు చెప్పాలి. ప్రోస్టేట్ మాత్రలు వాడుతుంటే అది కూడా, ఎందుకంటే వాటిలో కొన్ని ఈ మాత్రతో కలిసి బీపీని దించుతాయి. మెట్లెక్కితే ఆయాసం, ఛాతీలో పట్టు ఉన్నవాళ్లు గుండె పరీక్ష కాకుండా ఈ మాత్ర ముట్టకూడదు. మాత్ర వేసుకున్నాక రెండు రోజుల్లోపు ఎప్పుడు ఛాతీనొప్పి వచ్చినా, ఇంట్లో ఉన్న సార్బిట్రేట్ నోట్లో పెట్టుకోకుండా 108కి ఫోన్ చేయాలి. వచ్చిన సిబ్బందికి మొదట చెప్పాల్సిన మాట ఏ మాత్ర, ఎన్ని గంటలకు వేసుకున్నారన్నదే.